వంటాయన బండికి కొత్త చెక్కలు

గౌరీశంకరం పికప్పు పోయిందన్న కబురు విని తెనాలిలో సగంమంది నవ్వారు. నవ్వరూ మరి? అరవై ఎనిమిదో సంవత్సరంలో పుట్టిన బండి. ఏదో సర్కారు ఆఫీసువాళ్ళు వేలంలో వదిలించుకుంటే ఈయన తగిలించుకున్నాడు. వంతెన ఎక్కాలంటే దగ్గుతుంది, దిగాలంటే మూలుగుతుంది. కుడిచేతివైపు తలుపు పురికొసతో కట్టుకుంటే తప్ప నిలవదు. "దాన్ని తోలుకుపోయినవాడెవడో గాని వాడికి శాలువా కప్పాలండి పంతులుగారూ" అన్నాడు కిళ్ళీకొట్టతను. ఇంకొకరి బండి అయితే గౌరీశంకరం కూడా నవ్వేవాడే. ఆ రోజు మాత్రం అతనికి నవ్వు రాలేదు.

అతను పెళ్ళివంటలు చేసే బ్రాహ్మడు. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడూళ్ళ మధ్య ఏ ఇంట పందిరి వెయ్యాలన్నా ముందు పురోహితుణ్ణి, తరవాత గౌరీశంకరాన్ని అడిగి ముహూర్తం ఖాయం చేసేవాళ్ళు. పురోహితుడంటే గిట్టనివాళ్ళు ఈ వరస తిరగేసి చెబుతారు. గంగాళాలు, గుండిగలు, బానలంత మూకుళ్ళు, అన్నీ ఆ పికప్పులోనే వెళ్ళాలి. ఆ బండికి ఉన్న మడి అంతా ఇంతా కాదు. పొరుగాయన ఎవరో కోడిగుడ్ల బుట్ట ఒక్కటి దుగ్గిరాల దాకా వేసుకెళ్ళమంటే, ఆయనతో ఏడాదిపాటు మాటలు మానేసిన మనిషి గౌరీశంకరం. ఎంత ఆచారవంతులైనా అతని చేతివంటకు విస్తరి ముందు కూర్చునేది ఆ పట్టింపు చూసే. పంతులుగారి గిన్నెలు పంతులుగారి బండిలోనే వస్తాయి, అందులో ఇంకేదీ ఎక్కదు. ఈ మాట మీదే అతని ఇల్లు గడుస్తోంది. ఆ మాట పోతే పులిహోర ఎంత బాగా కలిపినా పిలిచేవాడుండడు.

ఎనభై ఆరు కార్తీకంలో రేపల్లెలో ఒక సత్రం ముందు బండి ఆపి, సామాను దింపించి, లోపల పప్పులో తిరగమోత వేసి బయటికొచ్చేసరికి బండి లేదు. పట్టపగలు పదకొండు గంటల వేళ. ఆరో రోజున, బాపట్ల దాటాక సముద్రం వైపు సరుగుడు తోపులో ఉందని తెలిసింది. పోలీసులు బండి నెంబరు చూశారు, అతని మొహం చూశారు, కాగితం మీద సంతకం పెట్టించుకుని తీసుకుపొమ్మన్నారు. లారీకి మోకు కట్టి దాన్ని తెనాలి లాక్కొచ్చి, కాలవగట్టు మీద యోబు షెడ్డులో పెట్టించాడు.

యోబు మెకానిక్కు. పదేళ్ళుగా ఆ పికప్పు ప్రాణం అతని చేతిలోనే ఉంది. మనుషులతో కంటే ఇంజన్లతో ఎక్కువ మాట్లాడతాడని పేరు. ఒక పూటంతా బండి చుట్టూ తిరిగి, కిందికి దూరి, బయటికొచ్చాడు.

"ఏమేం పట్టుకుపోయారో చెప్పు, ఏడుపేదో ఒకేసారి ఏడుస్తాను" అన్నాడు గౌరీశంకరం.

"ఏమీ పట్టుకుపోలేదండి."

"ఏంటీ?"

"బ్యాటరీ ఉందండి. స్టెప్నీ ఉంది. జాకీ కూడా మీరు సీటు కింద పెట్టినచోటే ఉంది. తాళం వైర్లు కోసి కలిపారు, అద్దం పగలగొట్టారు, ఇసకలో తోలి క్లచ్చి కాల్చేశారు. అంతే. టార్పాలిన్ ఒక్కటే కనపళ్ళేదు." యోబు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఇంకోటండి. వెనక తొట్టి కడిగారు. బాగా కడిగారు. దొంగతనం చేసిన బండిని కడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదండి."

"శుభ్రం తెలిసిన దొంగలన్నమాట" అని గౌరీశంకరం నవ్వబోయాడు. యోబు నవ్వలేదు. ఇక తనొక్కడే నవ్వడం బాగుండదని అతనూ మానేశాడు.

పని మొదలైంది. క్లచ్చి ప్లేటు మార్చారు. సైలెన్సరుకు అతుకులు వేశారు. కుడి తలుపుకు ఇన్నాళ్ళకు కొత్త బందులు పడ్డాయి. దొంగల పుణ్యమా అని పురికొస పీడ వదిలింది. మార్గశిరం సగానికి వచ్చింది. పుష్యంలో పెళ్ళిళ్ళు ఉండవు, మాఘంలో పద్నాలుగు ఒప్పుకుని ఉన్నాడు. ఈలోపల బండి నడవడమే కాదు, మళ్ళీ బ్రహ్మరుద్రాదులు దిగొచ్చినా కదలకుండా చెయ్యాలని గౌరీశంకరం పట్టుబట్టాడు. స్టీరింగుకు గొలుసు, బానెట్టుకు తాళం, డీజిలు పైపుకు కట్టెయ్యడానికి తిప్పుడు కుళాయి, తనకొక్కడికే తెలిసేలా సీటు కింద ఒక స్విచ్చి. అవి చాలవని తొట్టి అడుగున ఇనపకడియం వేయించి, సత్రాల ముందు స్తంభానికి కట్టెయ్యడానికి లంగరు గొలుసు ఒకటి. ఆ కడియం వెయ్యాలంటే అడుగున పరిచిన చెక్కలు లేపాలి.

మూడు చెక్కలు లేపి యోబు పిలిచాడు. "పంతులుగారూ, ఒకసారి ఇలా రండి."

పైన కడిగి తెల్లబడిన చెక్కలు కింద నల్లగా ఉన్నాయి. ఏదో సందుల్లోంచి కారి, అట్టకట్టి ఎండిపోయింది. దానికి అంటుకుని వెంట్రుకలు ఉన్నాయి, పొడుగాటివి. ఇనపచట్రం మూలలో చిన్న వెండి మట్టె ఒకటి ఇరుక్కుని ఉంది.

గౌరీశంకరం వంటాయన. చారు మరకకీ పులుసు మరకకీ తేడా కళ్ళు మూసుకుని చెప్పగలడు. అది ఏ వంట మరకా కాదని చూడగానే తెలిసింది. తెలిసినా నోరు ఇంకో మాట అన్నది.

"మా వంటవాళ్ళలో ఏ ఆడమనిషిదో అయ్యుంటుంది మట్టె. వెనకే కూర్చుంటారుగా."

"ఈ మరకండి?"

"నూనె."

యోబు అతని మొహంలోకి చూశాడు. "పోలీసులకు చూపిద్దామండి. ఇది నూనె కాదని మీకూ తెలుసు."

తెలుసు. ఆ తెలియడమే కదా ప్రాణం మీదికొచ్చింది. పోలీసులు వస్తారు. పేపరువాళ్ళు వస్తారు. వంటాయన బండిలో శవం అని ఊరూరా చెప్పుకుంటారు. ఆ బండిలో వచ్చిన గంగాళంలో వండిన పరమాన్నం పెళ్ళికూతురి ముందు ఎవరు పెట్టనిస్తారు? బండి మారిస్తే సరిపోదు, గిన్నెలు మారిస్తే సరిపోదు. మనిషికే అంటుకుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా కట్టుకున్న మడి అంతా మూడు చెక్కలతో పోతుంది. గౌరీశంకరం చెడ్డవాడు కాదు. ఆ ఎవరో ఆడమనిషిని తలుచుకుని జాలిపడ్డాడు కూడా. కాని భయం జాలికంటే ముందు నడిచింది.

"మొత్తం చెక్కలన్నీ తీసెయ్యి. కొత్తవి వెయ్యి. పాతవి కాల్చెయ్యి" అన్నాడు.

"నేను కాల్చనండి."

"యోబూ, నీకు దణ్ణం పెడతాను. నా పొట్ట మీద కొట్టకు."

"నేను ఎవరికీ చెప్పనండి. మీరు చెప్పమంటే తప్ప నోరెత్తను. కాని నిప్పు మాత్రం నేను పెట్టను" అని యోబు పానా కింద పెట్టి షెడ్డు లోపలికి వెళ్ళిపోయాడు.

గౌరీశంకరమే షెడ్డు వెనక చెక్కలు పేర్చాడు. పాత టైరు ముక్కలు నాలుగు వాటి మధ్య దోపాడు. జీవితంలో ఎన్ని వేల పొయ్యిలు అంటించాడో లెక్కలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం అగ్గిపుల్లలు ఒకదాని తరవాత ఒకటి విరిగాయి. చివరికి అంటుకుంది. నల్లటి పొగ కాలవ మీదుగా అవతలి గట్టుకు పోయింది. చివరి చెక్క కూలిందాకా నిలబడి, మట్టెను తీసుకుపోయి కాలవలో వేశాడు. బూడిదను యోబు షెడ్డు చీపురుతోనే నీళ్ళలోకి తోశాడు.

ఇంటికొచ్చాక బండికి పుణ్యాహవాచనం చేయించాడు. పసుపునీళ్ళు చల్లుతూ భార్య కామేశ్వరమ్మ అడిగింది, "దొంగ చెయ్యి పడినందుకే ఇంత శుద్ధా అండీ?"

"చెప్పింది చెయ్యి" అని కసిరాడు. ఆయన భార్యను కసరడం అరుదు. ఆమె బిత్తరపోయి చెంబులో మిగిలిన నీళ్ళు గబగబా చల్లేసింది.

తాళాలు ఏడయ్యాయి. ఏడు చెవులూ జంధ్యానికి కట్టుకున్నాడు. ఒకప్పుడు బీరువా చెవి ఒక్కటే ఉండేది అక్కడ. ఇప్పుడు వంగితే గలగల, లేస్తే గలగల. సంధ్య వార్చుకుంటుంటే అర్ఘ్యపాత్రకు తగిలేవి. బండికి ఇన్ని తాళాలేమిటని ఊళ్ళో వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. అతను మాత్రం రోజుకు నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్ళి ఒక్కో తాళమూ లాగి చూసేవాడు. పోతుందని కాదు. ఎవరైనా వచ్చి ఆ కొత్త చెక్కల కింద ఏముండేదని అడుగుతారేమోనని.

పుష్యమాసంలో అడగనే అడిగారు.

కొల్లూరు లంకల నుంచి మాణిక్యమ్మ అనే ఆవిడ వచ్చింది. అరటితోటల రైతు. భర్త పోయాడు, ఒక్కతే కూతురు జయలక్ష్మి. రేపల్లె దగ్గర పల్లెటూరికి ఇచ్చింది. ఎనిమిదేళ్ళయినా పిల్లలు కలగలేదు. కార్తీకంలో ఒకరోజు పిల్ల కనపడకుండా పోయింది. ఎవరితోనో లేచిపోయిందని అత్తవారు ఊరంతా చెప్పారు. వాకిట్లో అరుగు మీద కూర్చుని ఆవిడ ఇదంతా ఎక్కడా ఆగకుండా చెప్పింది. ఎన్ని గుమ్మాల్లో చెప్పిందో ఏమో, ఏడుపు కూడా అరిగిపోయింది.

"మా పిల్ల అట్లాంటిది కాదు పంతులుగారూ. అది కనపడకుండా పోయిన రోజే రేపల్లెలో మీ బండి పోయిందంట. బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. ఎస్సై గారిని అడిగితే, బండాయన్ని తీసుకురా, ఏమన్నా దొరికిందని ఆయన చెబితే కేసు కడతానన్నాడు. ఏమన్నా దొరికిందా అయ్యా? గుడ్డపీలికైనా?"

గౌరీశంకరానికి చెప్పెయ్యాలని ఒక్క క్షణం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి? మట్టె లేదు, చెక్కలు లేవు. ఎందుకు కాల్చావంటే ఏమనాలి? మాఘానికి ఇంకా పన్నెండు రోజులుంది.

"ఏమీ లేదమ్మా" అన్నాడు.

మాణిక్యమ్మ లేచి బండి దగ్గరికి వెళ్ళింది. తొట్టిలో చెయ్యి పెట్టి నిమిరింది. "చెక్కలు కొత్తయ్యా?"

"పాతవి పుచ్చిపోయాయమ్మా."

ఆవిడతోపాటు స్టేషనుకు కూడా వెళ్ళాడు. బండి దొరికినప్పుడు అందులో తనది కానిదేదీ లేదని ఎస్సై రాసినదాని కింద, గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. బయటికొచ్చాక మాణిక్యమ్మ అతనికి వంగి దణ్ణం పెట్టింది. "మీలాంటివారిని స్టేషను గుమ్మం ఎక్కించాను. ఏమనుకోకండి, కన్నకడుపు" అంది. ఆ తరవాతి వారం కొల్లూరు బస్సు మీద తెనాలిలో అతని ఇంటికి ఒక అరటిగెల వచ్చింది. గౌరీశంకరం ఒక్క పండు కూడా ముట్టుకోలేదు. కామేశ్వరమ్మ వీధిలో పంచిపెట్టింది.

మాఘంలో పద్నాలుగు పెళ్ళిళ్ళూ దివ్యంగా జరిగాయి. బాపట్లలో ఒక వియ్యపురాలు పనసపొట్టు కూర మూడుసార్లు వడ్డించుకుని, ఆ సంగతి దాచడానికి ఆకు మడిచేసింది. గౌరీశంకరం పేరు ఎక్కడా చెక్కు చెదరలేదు. గండం గడిచిందనే అనుకున్నాడు. ఒంటిమీద బరువు తగ్గితే నిద్ర పట్టాలి కదా. పట్టలేదు.

మాఘం చివరి రోజుల్లో ఒకనాటి పొద్దున తెల్లటి పంచె, భుజాన కండువాతో ఒక పెద్దమనిషి వచ్చాడు. పేరు పాండురంగారావు. రేపల్లె దగ్గర ఊరు, యాభై ఎకరాల ఆసామి. మాట వెన్నలా ఉంది.

"ఫాల్గుణంలో మా అబ్బాయి పెళ్ళండి. రెండో సంబంధం. హడావుడి లేకుండా చేసుకుందామని. వంట మాత్రం మీరే చెయ్యాలి."

"మొదటి అమ్మాయి..." అన్నాడు గౌరీశంకరం.

"లేచిపోయిందండి. జయలక్ష్మి అని, కొల్లూరు వైపు పిల్ల. వాళ్ళమ్మ మిమ్మల్ని కూడా ఇబ్బంది పెట్టిందట కదా. విన్నాను." పాండురంగారావు వాకిట్లోని పికప్పు వైపు తీరిగ్గా చూశాడు. "చెక్కలు మార్పించారటగా. మంచి పని చేశారు. చూసింది చూసినట్టు ఊరికి చాటేవాళ్ళే ఈ రోజుల్లో ఎక్కువ. మీరు పెద్దమనిషి తరహా మనిషి. ఇక మా ఊళ్ళో ఏ కార్యమైనా మీ చేతి మీదుగానే. మీ బండి మాకు అచ్చొచ్చిందండి పంతులుగారూ."

ఆయన తాంబూలం చాచాడు. తాంబూలం పుచ్చుకుంటే వంట ఒప్పుకున్నట్టే. ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ గౌరీశంకరం చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళి అందుకుంది. పాండురంగారావు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. కామేశ్వరమ్మ వచ్చి కుదిపేదాకా ఆకులూ వక్కలూ గౌరీశంకరం చేతిలోనే ఉన్నాయి. అప్పుడు ఆమెకంతా చెప్పాడు. ఆమె విని, చెంగు నోట్లో కుక్కుకుని, "ముందా తల్లి దగ్గరికి వెళ్ళండి" అంది.

బండి ఏడు తాళాలూ తీసి కొల్లూరు వెళ్ళాడు. మాణిక్యమ్మ తోట గట్టు మీద గెలలు కొట్టిస్తోంది. కూలీలకు దూరంగా ఆవిణ్ణి పిలిచి, మట్టె దగ్గర్నుంచి తాంబూలం దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు.

"మట్టె?"

"కాలవలో వేశానమ్మా."

"చెక్కలు?"

"కాల్చేశాను."

"బూడిదైనా ఉందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

మాణిక్యమ్మ అరటాకుల వంకకు తిరిగింది. తనలో తాను అనుకుంటున్నట్టు అంది, "దాని రక్తం, దాని జుట్టు ఆ చెక్కల మీదేగా ఉన్నాయి. మిగతా పిల్ల ఏ సముద్రంలో ఉందో. అయితే నా బిడ్డకి కొరివి పెట్టింది మీరేనన్నమాట పంతులుగారూ. టైరు ముక్కలేసి."

తిట్టినా శాపం పెట్టినా గౌరీశంకరం తట్టుకునేవాడు. ఈ మాటకు గట్టు మీద కూలబడ్డాడు.

మర్నాడు ఇద్దరూ స్టేషనుకు వెళ్ళారు. కబురు పెడితే యోబు కూడా వచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు. ఎస్సై పాత కాగితం బయటికి తీశాడు. "ఈ సంతకం మీదేగా? అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?" అన్నాడు. అప్పుడేనన్నాడు గౌరీశంకరం. "అయితే ఇప్పుడేదైనా వస్తువు చూపించండి" అన్నాడు ఎస్సై. చూపించడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. పెద్దవాళ్ళతో వ్యవహారమని, ఆలోచించుకుని రమ్మని చెప్పి ఆ కాగితాన్ని మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు.

గౌరీశంకరం అక్కణ్ణుంచి తిన్నగా పాండురంగారావు ఊరికి తోలాడు. ఒక్కడే వెళ్ళాడు. మాణిక్యమ్మ వస్తానంటే వద్దని దారిలో బస్సెక్కించాడు. ఏం చెయ్యబోతున్నాడో అతనికి స్పష్టంగా తెలుసు. దాంతో తన బతుకుతెరువు ఏమవుతుందో కూడా తెలుసు.

ఆ ఇంట్లో లగ్నపత్రిక రాసుకుంటున్నారు. అరుగు మీద జంపఖానా పరిచి ఆడపెళ్ళివారు నలుగురైదుగురు కూర్చున్నారు, ఊరి పెద్దలు ఇంకో పదిమంది. పాండురంగారావు ఎదురొచ్చి "రండి రండి, మంచి వేళకే వచ్చారు" అన్నాడు. గౌరీశంకరం అరుగు ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడి, ఆ రోజు పుచ్చుకున్న తాంబూలాన్ని అరుగు అంచున పెట్టాడు.

"ఈ వంట నేను చెయ్యకూడదండి. మైలలో ఉన్నాను."

"అయ్యయ్యో" అన్నాడు పాండురంగారావు, అందరికీ వినపడేలా. "ఎవరు పోయారండి?"

"మీ కోడలండి. జయలక్ష్మి."

అరుగు మీదివాళ్ళంతా గౌరీశంకరం వైపు తిరిగారు.

"కార్తీకంలోనే పోయిందండి. నా బండిలో తీసుకుపోయారు. మిగిలినదానికి తెనాలి కాలవగట్టు మీద నేనే నిప్పు పెట్టాను. కొరివి పెట్టానని నాకు నిన్ననే తెలిసింది. తెలిసిన రోజు నుంచేగా మైల. పది రోజులదాకా నేను ఏ శుభకార్యానికీ పొయ్యి వెలిగించకూడదు. ఆ తరవాత నన్ను పిలిచేవాళ్ళు కూడా ఉండరు లెండి."

పాండురంగారావు మొహంలో నవ్వు అలాగే ఉంది, దాని వెనక ఉండాల్సిన మనిషే కనపడలేదు. ఆడపెళ్ళివారి పెద్దాయన లేచి నిలబడ్డాడు. "లేచిపోయిందన్నారు కదండీ బావగారూ" అన్నాడు. ఆ పెద్దాయనే వంగి, పసుపు రాసిన లగ్నపత్రికను జంపఖానా మీది పళ్ళెంలోంచి తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గౌరీశంకరం వెనక్కి తిరిగాడు. వీధిలో అతని బండి చుట్టూ అప్పటికే పాండురంగారావు పాలేళ్ళు నలుగురు చేరి ఉన్నారు. అతను జంధ్యానికున్న చెవులు చేతిలోకి తీసుకుని వాళ్ళ మధ్యకు నడిచాడు.